సూదులు తీసి చెప్పిన మాట

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చిన్నకోడలి విషయంలో అది అక్షరాలా జరిగింది. ఆమె పెదవి దాటిన ఒకే ఒక్క మాట, ఆమెనూ మొగుణ్ణీ విమానం మీద విమానం ఎక్కించి, తీసుకెళ్ళి భూగోళానికి అవతలి పక్క దక్షిణ అమెరికాలో దించింది. ఇంటి దగ్గర ఎండలు మాడ్చేస్తుంటే ఇక్కడ చలికాలం. ఇక్కడ పొద్దు పొడిచే వేళకి అక్కడ దీపాలు పెట్టుకుంటారు. అంతా తలకిందులే, నా బుద్ధి లాగా, అనుకుంది చిన్నకోడలు.

అన్నదమ్ములిద్దరూ వేరుశనగ కాయలు వలిచే మిషన్లు తయారుచేసే వర్క్‌షాపులో ఫిట్టర్లు. అన్నని పెద్దమేస్త్రి అంటారు, తమ్ముణ్ణి చిన్నమేస్త్రి అంటారు. మిషను బిగించడం పూర్తయ్యాక పెద్దమేస్త్రి స్క్రూడ్రైవరు మొనని బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. దానికి ఎక్కడ నొప్పో చెబుతాడు. చిన్నమేస్త్రి అక్కడ స్పానరు వేస్తాడు. అన్నది చెవి, తమ్ముడిది చెయ్యి. వర్క్‌షాపు పెట్టిన నాటినుంచీ పని అలాగే నడిచింది.

అలాంటిది ఈ దేశపు కంపెనీ ఒకటి మిషను కొన్నప్పుడు, వెళ్ళి బిగించి నడిపించి రావడానికి ఒక్కరినే పంపుతానన్నాడు ఓనరు. కొన్ని నెలల పని కనుక భార్యను వెంట తీసుకెళ్ళొచ్చన్నాడు. ఇంకెవరు వెళతారు, పెద్దమేస్త్రే. ఆ ఇంట్లో ఏదైనా ముందు పెద్దవాళ్ళకి, మిగిలితే చిన్నవాళ్ళకి. ముందు పోర్షను వాళ్ళది, వెనక పోర్షను వీళ్ళది. ఫ్రిజ్జు ముందు వాళ్ళింట్లోకి వచ్చింది. వాళ్ళు మార్చుకున్నాక పాతది వెనక్కి వచ్చింది. తోడికోడలు గయ్యాళిదై ఉంటే చిన్నకోడలికి ఇంత బాధ ఉండేది కాదు. ఆవిడ కడుపులో పెట్టుకుని చూసుకునే మనిషి. అదే వచ్చిన చిక్కు. మంచివాళ్ళ మీద అసూయ పడితే ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేం. లోపలే పులుస్తుంది.

ఆ రోజుల్లోనే ఓనరు భార్య జాకెట్టు కొలతలకి వచ్చింది. చిన్నకోడలు ఇంట్లోనే మిషను కుడుతుంది. ఆవిడ చేతిని చాపించి కొలత చూస్తోంది. నోట్లో వరసగా గుండుసూదులు ఉన్నాయి.

"అంత దూరం పంపిస్తున్నాం. మీ బావగారికి ఒంట్లో బానే ఉంటుంది కదా?" అంది ఓనరు భార్య, అద్దంలో తన నడుము చూసుకుంటూ. అడగడానికి అడిగిందే గానీ ఆవిడ ధ్యాసంతా నడుము మీదే ఉంది.

ఊఁ అని తల ఊపితే సరిపోయేది. సూదులు నోట్లో పెట్టుకున్న మనిషి నుంచి ఎవరూ అంతకంటే ఆశించరు. చిన్నకోడలు ఒక్కొక్క సూదీ తీసి కొలత టేపుకి గుచ్చింది. అన్నీ తీశాక అప్పుడు చెప్పింది.

"బానే ఉంటారండీ. ఆ మధ్య ఒకసారి తల తిరిగి పెరట్లో కూలబడ్డారు, అంతే. ఎవరికీ చెప్పొద్దంది మా అక్క."

అబద్ధం కాదు. పెద్దమేస్త్రి పెరట్లో కూలబడిన మాట నిజం. "ఎవరికీ చెప్పకే, తెలిస్తే పని మానిపిస్తారు. చెల్లెలివి కాబట్టి నీకు చెబుతున్నా," అని పెద్దకోడలు ఆమె చెయ్యి పట్టుకుని మరీ చెప్పిన మాట కూడా నిజమే. అన్నీ నిజాలే పోగేసి ఎంత పాడు పని చెయ్యొచ్చో చిన్నకోడలికి ఆ రోజు తెలిసింది. ఆ వారంలోనే ఓనరు పెద్దమేస్త్రిని పిలిచి, "ఈసారికి తమ్ముణ్ణి పంపుదాం. నువ్వు ఓ మంచి డాక్టరు దగ్గర చూపించుకో," అన్నాడు.

పెద్దమేస్త్రి నవ్వేసి ఊరుకున్నాడు. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. పెద్దకోడలు రెండు రోజులు మాట తక్కువగా ఉండి, మూడో రోజు తన కోసం కొనుక్కున్న ఊదా రంగు స్వెటరు పట్టుకొచ్చింది. "ఈ ఎండల్లో నేనేం చేసుకుంటానే? నువ్వు వేసుకో," అంది. చిన్నకోడలు వద్దనలేకపోయింది.

ఇక చిన్నమేస్త్రి సంగతి చెప్పనక్కర్లేదు. మనిషి నేల మీద లేడు. చుట్టాలకి 'దక్షిణ' అన్న మాట వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నారో గానీ, అందరూ అమెరికా అమెరికా అనేశారు. అతను ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. "ఇన్నాళ్ళకి ఓనరు నా చేతి పని గుర్తించాడోయ్," అన్నాడు భార్యతో. అన్న చాటున పనిచేసి పనిచేసి, తనకంటూ ఒక పనితనం ఉందో లేదో అతనికే అనుమానంగా ఉండేది. ఆ అనుమానం తీరిన మొహం ఎలా ఉంటుందో ఆమె పెళ్ళయ్యాక మొదటిసారి చూసింది. అక్క స్వెటరు ఒక తాళం వేస్తే, దీంతో ఆమె నోటికి రెండో తాళం పడింది.

ఇక్కడ వాళ్ళకిచ్చిన గది ఒక చెప్పుల దుకాణం పైన మేడ మీద ఉంది. కిటికీ పక్కన మంచం, మూలన గ్యాసు పొయ్యి, గోడకి వేడిపుట్టించే ఇనప పెట్టె ఒకటి. అది రాజుకునేటప్పుడు టకటకమని శబ్దం చేస్తుంది. ఇంటావిడకి వీళ్ళ భాష రాదు, వీళ్ళకి ఆవిడది రాదు. అయినా ఇద్దరాడవాళ్ళూ చేతులతోనే ధరవరలూ మోకాళ్ళ నొప్పులూ మాట్లాడేసుకునేవారు. ఇంటావిడ ఒకరోజు స్వెటరు పట్టి చూసి, బాగుందని బొటనవేలు ఎత్తి, ఎక్కడ కొన్నావన్నట్టు చేతులు తిప్పింది. గుమ్మడికాయల దొంగ అనకుండానే చిన్నకోడలు భుజాలు తడుముకుంది. ఆ రోజంతా చలిలో వణికింది గానీ స్వెటరు మళ్ళీ తొడుక్కోలేదు.

సెలవునాడు మొగుడు ఊరు చూపించడానికి తీసుకెళ్ళేవాడు. రాళ్ళు పరిచిన వీధులు, మేడల వరండాల్లో పూలకుండీలు, ఎవరినీ లెక్కచెయ్యని పావురాలు. ఎవరూ తెలిసినవాళ్ళు లేరు కదా అని చిన్నమేస్త్రి నడిరోడ్డు మీద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా చెయ్యని పని. ఆమెకి ఎంత బాగుందంటే, వెంటనే ఏడుపొచ్చింది. ఇది అక్కది. ఈ వీధి అక్కది, ఈ చలి అక్కది, ఇలా చెయ్యి పట్టించుకుని నడవాల్సింది అక్క.

"ఏమోయ్, కళ్ళలో నీళ్ళేంటి?" అన్నాడు.

"చలిగాలికి," అంది.

రోజూ పొద్దున్నే తోడికోడలికి ఫోన్ చెయ్యడం అలవాటు. ఆవిడ అన్నీ అడిగేది. చిన్నకోడలు అన్నీ తగ్గించి చెప్పేది. "ఏముందక్కా, మన బజారు లాంటిదే. చలి ఒకటి. చూడ్డానికి ఏమీ లేదు." ఆమె చేతిలో ఆ దేశం రోజురోజుకీ చిక్కిపోయింది. అయితే సాయంత్రానికి మొగుడు కొండలూ తోటలూ ఫొటోలు తీసి వదినకి పంపేవాడు. మర్నాడు ఆవిడ, "ఏమీ లేదన్నావు కదే, స్వర్గంలా ఉంటేనూ," అని నవ్వేది. ఆ నవ్వులో ఏదైనా పుల్లవిరుపు ఉందేమోనని చిన్నకోడలు చెవి పెట్టి వెతికేది. దొరికితే కాస్త ప్రాణం కుదుటపడేది. దొరికేది కాదు.

మిషను బిగింపు అయిపోయింది. తిప్పి చూస్తే ఎక్కడో గరగరమంటోంది. చిన్నమేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విన్నాడు. అతనికి అన్ని బేరింగులూ ఒకేలా వినిపించాయి. బెల్టు మార్చాడు, షాఫ్టు విప్పి మళ్ళీ ఎక్కించాడు, గరగర అలాగే ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనరు. చుట్టూ నిలబడి చూస్తారు. చివరికి ఆ శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి అన్నకి పంపాడు. ఎప్పుడూ క్షణంలో జవాబిచ్చే అన్న జవాబివ్వలేదు. ఫోన్ ఎత్తలేదు. మర్నాడు వదిన ఫోన్ కూడా ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజంతా చిన్నకోడలు ఫోన్ పక్కనుంచి కదల్లేదు. ఇనప పెట్టె టకటకమన్నప్పుడల్లా ఉలిక్కిపడింది. బావగారికి ఏమైనా అయితే అది తన మాట వల్లే అయినట్టు అనిపించింది. ఎలా అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. తప్పు చేసిన మనసుకి తర్కంతో పనేముంది?

ఆ మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. చిన్నమేస్త్రి మంచం మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఇద్దరికీ వినపడాలని ఆమె స్పీకరు పెట్టింది.

"కంగారు పడకండి. ఆయనకి ఇప్పుడు బానే ఉంది," అంది పెద్దకోడలు మొదటే. గొంతు బొంగురుపోయింది. "ఆసుపత్రిలో ఉన్నాం. గుండె కొట్టుకోవాల్సినంత వేగంగా కొట్టుకోవట్లేదట. ఉండుండి ఆగి, మళ్ళీ అందుకుంటోందట. ఆ తల తిరగడం అందుకేనట. మీరు వెళ్ళాక నేనే పోరు పెట్టి పరీక్షలకి తీసుకెళ్ళా. వెంటనే చేర్చుకున్నారు. నిన్న పేస్‌మేకరు పెట్టారు."

"అన్నయ్య ఏడీ వదినా?" అన్నాడు చిన్నమేస్త్రి.

"లోపల నిద్రపోతున్నారు. నేను వరండాలో ఉన్నా. మెలకువగా ఉన్నప్పుడు డాక్టరు చూడకుండా నువ్వు పంపిన శబ్దం విన్నారయ్యా. జబ్బు బేరింగులో లేదు, కింద బోల్టుల్లో ఉందన్నారు. వదులు చేసి లెవెలు చూసి మళ్ళీ బిగించమన్నారు."

చిన్నమేస్త్రి చేత్తో కళ్ళు తుడుచుకుని నవ్వాడు. పెద్దకోడలు, "చెల్లీ, ఉన్నావా?" అంది.

"ఉన్నానక్కా."

"డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఈ స్థితిలో ఇంటికి దూరంగా, భాష తెలియని చోట, ఏ నిచ్చెన మీదో ఉండగా గుండె ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. ఓనరుకి చెప్పింది నువ్వేనని నాకు తెలుసే. నీకు తప్ప నేనెవరికీ చెప్పలేదు. అప్పుడు నీ మీద ఎంత కోపం వచ్చిందో! ఆ స్వెటరు ఇచ్చేటప్పుడు కూడా లోపల ఉడికిపోతూనే ఇచ్చా. నువ్వు అక్కడ సుఖపడకూడదని కూడా అనుకున్నా, ఛీ. మొగుడి ఉద్యోగం పోతుందని దాచిపెట్టిన దద్దమ్మని నేను. నాతో మాట పడినా సరే, ఆయన బతకాలని బయటపెట్టావు నువ్వు. నన్ను క్షమించవే. ఎదురుగా ఉంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని."

చిన్నమేస్త్రి భార్య వంక చూశాడు. ఆ చూపులో గర్వం ఉంది. ఇంత మంచి పని చేసి నాకైనా చెప్పలేదేంటి అన్న ఆశ్చర్యం ఉంది. ఊరుకుంటే చాలు. మళ్ళీ నోటినిండా సూదులు పెట్టుకుని ఊఁ అంటే చాలు. పాపం పుణ్యమై కూర్చుంటుంది. ఇంట్లో అందరూ ఆమెని నెత్తిన పెట్టుకుంటారు. కానీ అక్క క్షమించమంటోంది. ఆ మాట మాత్రం చిన్నకోడలికి మింగుడుపడలేదు.

"అలా అనకక్కా. ఆయన బతకాలని చెప్పలేదు నేను."

"మరి?"

"ఇక్కడికి రావాలని చెప్పా. ఈసారైనా మేం ముందు వెళ్ళాలని. ఓనరమ్మ ఊరికే అడిగింది. నేను కావాలనే చెప్పా."

లేసు పట్టుకున్న చిన్నమేస్త్రి చేతులు ఆగిపోయాయి. ఫోన్లో ఎవరో తోపుడు బండి నెట్టుకెళ్ళిన చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపించింది.

"ఆ మాట అనేటప్పుడు," అంది పెద్దకోడలు చివరికి, చాలా నెమ్మదిగా, "ఆయనకేమైనా జబ్బుందేమోనని కూడా నీకు తోచలేదా?"

"లేదక్కా. ఆయన గుర్తే లేరు."

"ఎందుకు చెప్పావే ఇది?" ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నిన్నంతా ఆపరేషను గది బయట ఒక్కదాన్నే కూర్చున్నా. నాకంటూ ఒక చెల్లెలు ఉందని అనుకుంటూ కూర్చున్నా. అదొక్కటే ధైర్యం. ఇప్పుడు చెప్పేసి నువ్వు తేలికపడ్డావు. ఈ బరువు నేనెక్కడ పెట్టుకోవాలి?"

చెబితే భారం తీరుతుందనుకుంది చిన్నకోడలు. దాన్ని తీసుకెళ్ళి ఆసుపత్రి వరండాలో అలసి కూర్చున్న మనిషి నెత్తిన పెడుతున్నానని తట్టనే లేదు. అప్పుడూ తన సంగతే చూసుకుంది, ఇప్పుడూ తన సంగతే.

చిన్నమేస్త్రి లేసు ముడి వేశాడు. లేచి పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

"అయితే ఓనరు నా పని చూసి పంపలేదన్నమాట," అన్నాడు తలుపు దగ్గర. ఆమెతో అన్నట్టు లేదు. బోల్టులు బిగించడానికి వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని అడుగుల చప్పుడు కింద దుకాణం దాకా వినిపించింది.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. అక్క పెట్టెయ్యలేదు.

"అక్కా... రేపు చెయ్యనా?"

"రేపు చెయ్యకే," అంది పెద్దకోడలు. ఆసుపత్రి వరండాలో తోపుడు బండి మళ్ళీ వెనక్కి వచ్చిన చప్పుడు వినిపించింది. చిన్నకోడలు కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఎల్లుండి చెయ్యి."