సగం సిలిండర్

టేకులపల్లి దాటినాక అడవి అంచున ఉన్న పాల సెంటర్‌లో పాలు చల్లబరిచే చిల్లర్లు రెండున్నాయి. ఒకదాని ట్యాంకులో తండాల పాలు, రెండో దాంట్లో రోడ్డు మీది ఊళ్ల పాలు. ఆ ఎండాకాలం పొద్దున రెండూ నిండుగా ఉండగానే మొదటి చిల్లర్ రాగిపైపు పగిలి, చల్లదనాన్నిచ్చే గ్యాసంతా పోయింది. రెండో దాంట్లోదీ సన్నగా కారీ కారీ సగానికి వచ్చింది.

మెకానిక్ దేవ్లా పగుళ్లన్నీ అతికించాడు. ఇక గ్యాస్ పట్టాలి. ఉన్నది సగం సిలిండరే. బంద్ మూలంగా బస్సుల్లేవు, ఖమ్మం నుంచి ఇంకోటి వచ్చే దారి లేదు.

"రెండోదానికి పట్టు, సరిపోతది. మొదటిదానికి చాలదు," అన్నాడు సెంటర్ చూసుకునే ప్రేమ్‌సాగర్. "తండా పాలు ఇప్పుడే వాపస్ ఇచ్చేద్దాం. ఇంటికి తీస్కపోయి తోడేసుకుంటరు."

అదే సరైన పని అని దేవ్లాకు తెలుసు. కానీ గేటు దగ్గర అతని చెల్లెలు ద్వాలి తమ తండా ఆడవాళ్లతో కూర్చుని ఉంది. "మా అన్న ఉన్నడు, ఏం గాదు," అని వాళ్లకు ధైర్యం చెబుతోంది. ఆ మాట అతని చెవిన పడింది.

"జరసేపు ఆగు సార్. తక్కువ గ్యాస్‌తోటైనా నడుస్తదేమో చూస్త."

ఉన్న గ్యాసంతా మొదటి చిల్లర్‌కే పట్టాడు. మీటరు ముల్లు కొంచెం లేచి అక్కడే ఆగిపోయింది. పైపు మొదట్లో జానెడు మేర మంచు పట్టింది, ఆపైన గోరువెచ్చగానే ఉంది. తడి గోనెసంచులు కప్పాడు, నీళ్లు కొట్టాడు, మిషన్‌ను బతిమాలుకున్నాడు. పాలు చల్లబడలేదు.

"చాలిగ, దేవ్లా."

"ఇంకొంచెం సార్, నీ కాళ్లు మొక్కుత."

చివరికి ట్యాంకు మూత ఎత్తితే పుల్లటి వాసన గుప్పుమంది.

సిలిండర్‌ను చల్లటి నీళ్లల్లో పెట్టి, మొదటి చిల్లర్‌లోని గ్యాస్‌ను మళ్లీ దాంట్లోకి లాగి, రెండో చిల్లర్‌కు పట్టాడు. దాని పైపు పొడుగునా చల్లబడి చెమట పోసింది. ఊళ్ల పాలు దక్కాయి.

గేటు దాకా కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

"ద్వాలీ... మన పాలు విరిగినయి."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత లేచి నిలబడింది. "పొద్దుగాల్నే చెప్తే తోడేసుకునేటోళ్లం గదా. నువ్వున్నవనే కూసున్నం. గిట్లయితదని నీకు తెల్వదా?"

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు.

"అవ్. తెలుసు."

ప్రేమ్‌సాగర్ వాల్వు తిప్పితే తండా పాలన్నీ గడ్డలు గడ్డలుగా మోరీ కాల్వలోకి పోయాయి. ఒకామె అక్కడే కూలబడి ఏడ్చింది. ద్వాలి ఏడవలేదు. క్యాను కడుక్కుంది. నెత్తికెత్తుదామని దేవ్లా చేయి చాపితే, ఆమె క్యానును చంకన పెట్టుకుని అడవి బాట పట్టింది. అతను నాలుగడుగులు వెంట నడిచాడు. ఆమె వెనక్కి చూడలేదు.