గురువారం సంతకం

ఉదయం నుంచి మెయిర్మాన్ ఎడమ బూటులో మడత కాగితం గుచ్చుకుంటూనే ఉంది.

"పొయ్యిలో పడేశావా?" సెక్షన్ అధికారి సెర్గాజీ విచారణ గది గుమ్మం దగ్గరే గొంతు తగ్గించి అడిగాడు.

"పడేశాను."

అబద్ధం.

కర్‌సాయ్ స్టేషన్‌లో పట్టాలు బిగించే ముఠాకు మెయిర్మాన్ మేస్త్రి. రోజూ పనికి ముందు ఏ లైనులో ఏ ప్రమాదముందో చెప్పి, విన్నట్టు కూలీలచేత సంతకాలు చేయించాలి. వేళ్లు కొంకర్లు పోయే ఆ చలిగాలిలో ఎవడు చేయిస్తాడు? సోమవారమే వారానికి సరిపడా ఆరుగురి సంతకాలూ తనే గీకేసేవాడు.

బుధవారం, మూడో లైనులో ఇంజను వెనక్కి వస్తోందని స్టేషన్ నుంచి ఫోను. టీ తాగుతూ విన్నాడు. చెప్పడం మరిచాడు. ముఠాలోని ఒరాల్బెక్ ఆ లైను మీదే వంగి బోల్టు బిగిస్తున్నాడు.

మర్నాడు సెర్గాజీ కొత్త కాగితం ఇచ్చి, బుధవారం వరకే సంతకాలు పెట్టించాడు. పాతది కాల్చేయమన్నాడు.

ఒరాల్బెక్ పోయి ఇవాళ ఏడో రోజు. అతని భార్య కుల్యాష్, ఆచారం ప్రకారం భర్త పేరిట నూనెలో వేయించిన రొట్టెలు విచారణ గదికే తెచ్చి పంచింది.

"తినన్నా. నీ రొట్టెలూ తనే లాక్కుని తినేవాడుగా," అంటూ మెయిర్మాన్ ముందూ ఒకటి పెట్టింది. అతను తుంచాడు గానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయాడు.

విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ కొత్త కాగితం చూపించాడు. "హెచ్చరిక విన్నట్టు సంతకం ఉందమ్మా. విని కూడా లైను మీదికి వెళ్లాడంటే తప్పు ఎక్కువ అతనిదే. పరిహారం ఆ మేరకు తగ్గుతుంది."

"మా ఆయనా? ఖాళీ రోడ్డునే నాలుగుసార్లు చూసి దాటే పిరికి మనిషండీ! చెప్పుంటే ఆ దరిదాపులకు పోడు. చెప్పిన మాట వినక చచ్చాడని పిల్లలకు చెప్పమంటారా?"

"కాగితం అబద్ధమాడుతుందా తల్లీ?" అన్నాడు సెర్గాజీ.

మెయిర్మాన్ వంగి బూటు విప్పాడు.

"ఇక్కడ బూట్లు విప్పుతావేంటయ్యా, ఇదేమైనా మీ ఇల్లా?" అని గద్దించిన సెర్గాజీ, బయటికొచ్చిన కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు.

"అసలుది ఇదండీ. బుధవారం పోయినవాడు గురువారం, శుక్రవారం కూడా సంతకం పెట్టాడు చూడండి. అన్నీ నేనే పెట్టాను. ఇంజను వస్తోందని నాకు తెలుసు. వాడికి చెప్పలేదు."

"జైలుకు పోతావురా!" అన్నాడు సెర్గాజీ.

ఇన్‌స్పెక్టరు తెల్లకాగితం ముందుకు తోశాడు. "ఇదంతా రాసి, కింద సంతకం చెయ్యి."

కుల్యాష్ ఏడవలేదు. తిట్టలేదు. అతని ముందున్న రొట్టె ముక్కలు ఏరుకుని, గుడ్డలో వేసి ముడి బిగించింది.

మెయిర్మాన్ అంతా రాసి, కింద తన పేరుతో సంతకం పెట్టాడు. వేళ్లకు అంటిన నూనె పేరు మీద మరకై పరుచుకుంది.