అక్కకు చెప్పని తప్పులు

అయినా చొక్కాకి భుజాల దగ్గర క్లిప్పు పెడితే ఏం కొంప మునుగుతుందని, నేను ఆరేసిన ఏడు చొక్కాలూ అత్తయ్య నోరు మెదపకుండా తీసి తలకిందులుగా మళ్ళీ ఆరేస్తోంది, ఏంటత్తయ్యా అంటే ఏం లేదమ్మా నీ పని చూసుకో అంటుంది, ఏం లేకపోతే తీయడమెందుకు, చెబితే నేర్చుకోనా, చెబితే నొచ్చుకుంటావనీ అంది, చెప్పకపోతే నొచ్చుకోనా అని గొంతు పెంచాను, ఆయన పేపరు వెనక నుంచి, ఆ చొక్కాలకి నోరుంటే ఈపాటికి రాజీనామా ఇచ్చేవి అన్నారు, నవ్వు రాలేదు, వెళ్ళి లాప్‌టాప్ తెరిచాను, తెరవగానే ఆఫీసులో నేను అక్కా అని పిలిచే ఆవిడ పంపిన కోడ్, మా జట్టులో అందరికన్నా కొత్త, అందరికన్నా పెద్ద, పిల్లల కోసం పదేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరిన మనిషి, ఆవిడ రాసింది చదివి సరే అనాల్సింది నేను, మూడు నెలల ప్రొబేషన్ రేపటితో సరి, ఉంచాలో పంపాలో మేనేజర్ తేలుస్తాడు, ఇవాళా అదే తప్పు, చిరునామా గడి ఖాళీగా వదిలితే ప్రోగ్రాం ఆగిపోతుంది, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దావిడకి ఇది తప్పని అందరూ చూసేచోట ఎలా రాయను, ఎప్పట్లాగే నేనే రెండు వరుసలు దిద్దేసి, బాగుందక్కా అని పెట్టబోతుంటే ఫోను, అక్కే, ఏమ్మా, నీ చేతిలోంచి వెళ్ళాక నా కోడ్ నాకే కొత్తగా ఉంటోంది, బాగుందంటావు, బాగుంటే మార్చడమెందుకమ్మా, ఇక దీనికి రాదులే అనుకున్నారా మీరంతా.

లేదక్కా, ఇంకోసారి చూసి పంపుతాను అన్నాను, మొన్న మేనేజర్ ఆవిడేం ఎదగడం లేదండీ అన్నప్పుడూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాను, చూపించని తప్పును ఎవరు మాత్రం దిద్దుకుంటారు, మర్యాద మర్యాద అనుకుంటూ నేను చేసింది ఆవిడకి చేతకాదని తీర్మానించడమే కదా, దిద్దిన రెండు వరుసలూ తీసేసి రాశాను, అక్కా, చిరునామా ఖాళీగా ఉంటే ఇక్కడేమవుతుందో ఒకసారి నడిపి చూడండి, కోడ్‌లో మీరు పెట్టిన పేర్లు మాత్రం ఎంత తేటగా ఉన్నాయంటే చదువుతూ ఎక్కడా వెనక్కి వెళ్ళలేదు, రెండూ నిజాలే, అరగంటలో సరిచేసి పంపింది, నా కంటపడని చోట ఉన్న అలాంటి తప్పే ఇంకోటి తనే పట్టుకుని మరీ.

భోజనాల దగ్గర చెప్పేశాను, రేపు మేనేజర్‌తో అంటాను, మూడు నెలలూ ఆవిడ తప్పులు ఆవిడకే తెలియకుండా దాచింది నేను, గడువు ఇంకో నెల పెంచండి అని, ఆయన ముద్ద ఆపి, మాట నీ మీదకొస్తుందేమో చూసుకో అన్నారు, రానివ్వండి, అది నాదే.