పారబోసిన వాన

మా ఆయన సత్యానందం జమ్మలమడుగు దగ్గర మిషన్ బడిలో టీచరు. బడి ఆవరణలోనే మా ఇల్లు, ఇంటి ముందు వాన కొలిచే డబ్బా. 1958 నుంచి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులో సీసా తీసి, గాజు గొట్టంలో వంచి, ఎంత కురిసిందో రిజిస్టరులో రాసేవాడు. మా పెళ్లి రోజు కూడా రాసే వచ్చాడు. నేను పెళ్లిపీట మీద ఎదురుచూశాను, ఆ కోపం ఇప్పటికీ ఉంది.

ఆ అంకెలు రోజూ మండలాఫీసుకు పోయేవి. 1997 సెప్టెంబరులో మా వైపు వర్గం నాయకుడు ఆదినారాయణ జీపులో వచ్చాడు.

"ఏం సారూ, అవతల వర్గం ఊర్లన్నీ కరువు లిస్టులో ఉండాయి. మనయి లేవు. శానా నగుబాటుగా ఉంది. వాన కొంచెం తక్కువ రాస్తే నీ సొమ్మేం పోతాది?"

"కురిసినంతే రాస్తానప్పా."

"సరే సారూ" అని వెళ్లిపోయాడు. వాదించకుండా సరే అని పోయే మనిషిని చూస్తేనే మా ఆడవాళ్లకు భయం. మూడో రోజు మా ఆయన విరిగిన సైకిలు భుజాన వేసుకుని నడిచొచ్చాడు. పడ్డానన్నాడు. చక్రాల కమ్మీలు గొడ్డలితో నరికినట్టున్నాయి. ఎలా పడితే అలా అవుతుందో నేను అడగలేదు.

రోజూ ఉదయం సీసా తీయకముందే మేమిద్దరం మోకరించి ప్రార్థన చేస్తాం. ఆయన ప్రార్థన చాలా పొడుగు, పులివెందుల నుంచి పాలస్తీనా దాకా అందరినీ తలుచుకుంటాడు. కళ్లు తెరవడు. ఆ నెలలో వాన పడిన ప్రతి రోజూ నేను మధ్యలో లేచి, సీసాలో సగం నీళ్లు గుమ్మడిపాదుకు పోసి, తిరిగొచ్చి ఆమెన్ చెప్పాను.

ఆయన చూసిందే రాశాడు. మా ఊరు లిస్టులోకి వచ్చింది. జీపు మళ్లీ రాలేదు. నా మొగుడు బతికాడు.

కానీ పెరడంతా బురదైతే సీసాలో ఇంతేనా అని ఆయనకు నిద్ర పట్టేది కాదు. డబ్బా ప్రొద్దుటూరు తీసుకెళ్లి, రేకుపని దస్తగిరికి చూపించాడు. చిల్లి లేదన్నాడు దస్తగిరి. అయితే నా కళ్లే పోయాయనుకుని కొత్త అద్దాలు చేయించుకున్నాడు. ఆ అద్దాల్లోంచి గాజుగొట్టం వైపు వంగి చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

డిసెంబరులో జపానులో దేశాలన్నీ కూడి, ఎవరి పొగ ఎంత తగ్గించాలో వాదించుకుంటున్నాయని రేడియో చెప్పింది. మా ఆయన నవ్వాడు. "మన వర్గాల రాజీ పంచాయితీ మాదిరే ఉంది యేసమ్మా. నువ్వు ముందు బాంబులు కింద పడెయ్యంటే, నువ్వు ముందు పడెయ్యంటాండారు."

వేసవిలో హుమాయున్ వచ్చాడు. మా ఆయన శిష్యుడే, పూనాలో వాతావరణం చదివే ఉద్యోగం. బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని నూరేళ్ల కిందటే ఒక స్వీడన్ ఆయన లెక్క కట్టాడట. తర్వాత అమెరికా ఆయన ఒకరు సముద్రం నడుమ కొండమీద రోజూ గాలి కొలిపించాడట.

"ఆడ మొదలుపెట్టింది కూడా యాభై ఎనిమిదిలోనే సారూ. మీ మాదిరే, రోజూ."

మా ఆయన మొహం వెలిగిపోయింది. నలభై ఏళ్లలో ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు.

హుమాయున్ రిజిస్టర్లు తిప్పుతూ ఆగాడు. "పోయిన సెప్టెంబరు చూడండి. నలభై ఏండ్లలో ఇంత తక్కువ ఎప్పుడూ ల్యా. నా వ్యాసం దీంతోనే మొదలుపెడతా. ఎవురన్నా కాదంటే మీ దస్తూరి చూపిస్తా."

నేను వంటింటి గడప దాటి వచ్చాను. "రాయొద్దు నాయనా. ఆ వాన నేను పారబోసినా" అని అంతా చెప్పేశాను.

మా ఆయన నన్ను తిట్టలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ నెల ఒక్కటీ తీసేస్తా సారూ, మిగతాది పనికొస్తాది" అన్నాడు హుమాయున్.

"వద్దప్పా. వాన పారబోసిన ఇల్లిది. మిగతా ఏండ్లు పారబోయలేదని సాక్ష్యం యాడుంది? ఈ ఒక్క అబద్ధం దొరికితే చాలు, పొగ తగ్గించం అనేటోళ్లు నిజం చెప్పే అందరి నోళ్లూ మూయిస్తారు." మా ఆయన రిజిస్టర్లు వెనక్కి తీసుకుని పెట్టెలో పెట్టాడు.

జూన్‌లో మొదటి వాన పడింది. ఎనిమిదిన్నర అయినా ఆయన మంచం దిగలేదు. నేనే వెళ్లి సీసా తీసి, ఒక్క చుక్క ఒలకకుండా గొట్టంలో వంచి, రెండుసార్లు చూసి లోపలికొచ్చాను.

"ఇరవై మూడు మిల్లీమీటర్లు. రాసుకోండి."

ఆయన గోడవైపు తిరిగే ఉన్నాడు.

"నువ్వు చెప్పిన వాన నేనెట్ల రాసేది యేసమ్మా?"