బొట్టు లేని పిలుపు

గురజాలలో మసీదు చుట్టుపక్కల రెండు వీధుల్లో రబియా కుట్టిన జాకెట్టు తొడుక్కోని ఆడమనిషి లేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? కూర్చుని కబుర్లు పెట్టేవాళ్ళు. "మీ మసీదు లోపల ఏముంటదే?" అని ఒకరు, "బొమ్మే ఉండదంట గదా, మరి ఎవర్ని చూసి మొక్కుతారు?" అని ఇంకొకరు. రబియా మిషను ఆపి మరీ చెప్పేది. తన నోటికి తీపి అనిపించినది ఏదైనా పక్కింటికి పంపకుండా ఉండలేని మనిషి. దేవుడి సంగతి మాత్రం దాచుకుంటుందా?

అందుకే ఈ ఏడు ఆడవాళ్ళతో ఒక జట్టు కట్టింది. పెద్ద సైన్యమేం కాదు, ముగ్గురు. రబియా, అంగన్‌వాడీలో పనిచేసే మెహరున్నీసా, డిగ్రీ చదివే జెబా. ఒక ఆదివారం ఊళ్ళో ఆడవాళ్ళందరినీ మసీదుకు పిలిచి, ఇస్లాం అంటే ఏమిటో వాళ్ళకర్థమయ్యే తెలుగులో చెప్పాలని వాళ్ళ ఆలోచన. మసీదు కమిటీ పెద్ద ఖాజా మొహిద్దీన్‌కు ఇది సుతరామూ ఇష్టం లేదు. తన టైర్ల షాపులో గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నసిగాడు.

"ఊళ్ళో లేనిపోని మాటలొస్తయి బేటీ. సరే, ఒక్కసారికి ఒప్పుకుంటన్నా. మనోళ్ళు కాకుండా బయటి ఆడోళ్ళు పదిమంది వస్తే మీ జట్టు ఉంటది. రాలేదనుకో, ఇంక ఈ ఊసు ఎత్తకూడదు."

పదిమందేనా! రబియాకు నవ్వాగలేదు. జెబా ఫోన్లో రంగురంగుల కాగితం తయారుచేసింది. రెండు వందలు అచ్చువేయించి, ముగ్గురూ రెండు పూటల్లో ఇంటింటి గుమ్మంలో ఇచ్చేసి వచ్చారు. రబియా కాళ్ళు నేలమీద నిలవడం లేదు. మసీదు వరండాలో వందమందికి చాపలు సరిపోతాయా అని కూడా లెక్కలు వేసుకుంది.

గురువారం పక్కింటి సుబ్బరత్నం జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చింది.

"అత్తా, ఆదివారం వస్తన్నావుగా?"

"యాడికే?"

"మసీదుకి! కాయితం ఇచ్చి వారమైంది."

"ఇచ్చారు, చదివినా. బాగానే ఉంది. అయితే ఎవురూ పిలవలేదుగా?"

రబియా మొహం వాడిపోయింది. సుబ్బరత్నానికి జాలేసింది.

"పిచ్చిదానా, విత్తనాల కంపెనీవోళ్ళు కూడా కాయితాలిస్తారు. ఇంటికొచ్చి, బొట్టుపెట్టి, నోరారా రమ్మంటేనే పిలుపు. లేకపోతే ఏ ఆడది గడప దాటుద్దే?"

నిజమే కదా! ఇన్నేళ్ళు ఈ వీధిలోనే బతికి ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? రబియా తనను తాను బాగా తిట్టుకుంది. కానీ కుంకుమ పట్టుకుని గడప గడపా తిరగడం తన వల్ల కాదు. అది తన ధర్మంలో లేని పని. అప్పటికప్పుడు ఫోన్ చేస్తే, మెహరున్నీసా అయితే వినగానే వద్దే వద్దంది. ఇక మూడే రోజులున్నాయి. రబియాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకే ఆ మొహం? బొట్టు నేను పెడతా, నువ్వు పిలువు. నీ చెయ్యి నీ దగ్గరే ఉంటది" అంది సుబ్బరత్నం. "ముందే చెప్తన్నా, నేను మతం గితం మారను."

"మారమని ఎవరన్నారత్తా? విను. విన్నాక నీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. సుబ్బరత్నం చేతిలో కుంకుమ భరిణె, రబియా ఒంటిమీద బురఖా. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఎండ మాడ్చేస్తున్నా రబియాకు చెమట తెలియలేదు. "వదినా, ఆదివారం పదకొండింటికి, మర్చిపోవాక!" "పిన్నీ, కోడల్ని కూడా తీసుకురా!" చర్చికి పోయే జోయెల్ వాళ్ళమ్మ బొట్టు వద్దంది. "నోటితో పిలిచావు, చాల్లే. ప్రార్థన అవంగానే వస్తా" అంది. శనివారం మధ్యాహ్నానికి ముప్పై ఇళ్ళయ్యాయి. రబియా గొంతు బొంగురుపోయింది, హుషారు మాత్రం తగ్గలేదు.

చివరి ఇల్లు కోటమ్మది. భర్త పోయి ఇరవై ఏళ్ళు. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. సుబ్బరత్నం భరిణె మూత తీయబోయి ఆగింది. కోటమ్మ అలవాటుగా తలొంచుకుని తొడిమలు తీసుకుంటూ పోయింది.

"పదవే, ఆలస్యమవుద్ది" అని సుబ్బరత్నం మెల్లిగా రబియా మోచెయ్యి లాగింది.

రబియా కదల్లేదు. ఒక్కసారిగా కోపమొచ్చింది, ఎవరిమీదో కూడా తెలియని కోపం. అరుగెక్కి కోటమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నీ, రేపు పదకొండింటికి మా మసీదుకి రావాల. నిన్ను పిలవడానికే వచ్చినా. మా పిలుపుకి బొట్టుతో పనిలేదు."

కోటమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. సుబ్బరత్నం భరిణెను కొంగులో దాచేసుకుంది.

ఆదివారం పదింబావుకే మసీదు గేటు దగ్గర మనిషి! కోటమ్మ. ఉతికిన తెల్లచీర, వెనక మరో ముగ్గురు. ఆ ముగ్గురి నుదుళ్ళూ ఖాళీయే. "వీళ్ళనీ ఎవురూ పిలవరు, నేనే తీసుకొచ్చినా, తప్పా?" అంది. రబియా ఆమెను గట్టిగా కావిలించుకుంది. పదకొండున్నరకు వరండా నిండిపోయింది. జెబా మూడుసార్లు లెక్కపెట్టి, రబియాతో "ఖాలా, నలభై ఒకటి!" అని ఎగిరి గంతేసింది. మెహరున్నీసా దేవుడొక్కడే అన్న మాటతో మొదలుపెట్టి చెప్పుకుపోతుంటే ప్రశ్నల మీద ప్రశ్నలు.

అప్పుడొచ్చాడు ఖాజా మొహిద్దీన్. ఎర్రెర్రటి బొట్లు చూసి మొహం గంటు పెట్టుకుని, రబియాను గుమ్మం దగ్గరకు పిలిచాడు.

"ఏందమ్మా ఇది? మసీదుకి బొట్టుపెట్టి పిలిచావంటగా? ఇట్టయితే మీ జట్టు ఇయ్యాల్టితో సరి!"

"పెట్టింది సుబ్బరత్నమ్మత్త, చాచా. వాళ్ళ పద్ధతి అది. పిలుపు మాత్రం నాది."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఇంతలో మైకులో మధ్యాహ్నపు జొహర్ అజాన్ మొదలైంది. అందరూ మాటలాపారు. అది పూర్తయ్యాక కోటమ్మ అడిగింది.

"ఏవమ్మాయ్, రోజూ వింటా గానీ, ఏంది ఆ మాటలకి అర్థం?"

"నమాజుకు రండి, మేలుకు రండి అని పిన్నీ."

"ఎవుర్ని?"

"అందర్నీ."

కోటమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రోజుకి అయిదుసార్లు పిలస్తన్నారా! ఇన్నేళ్ళూ నన్ను కాదనుకున్నానే."

గుమ్మంలో ఖాజా మొహిద్దీన్ తలదించుకున్నాడు. నమాజుకు పోవాల్సిన మనిషి రబియా వైపు తిరిగాడు.

"రబియా బేటీ, జట్టు ఆపొద్దు. వచ్చే నెల కూడా పిలవండి" అన్నాడు. "ఈసారి ముందు ఎవురూ పిలవని ఇళ్ళకి పొండి."