దూడల తాడు

ముళ్ళకంచె చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తాతలనాటి పశువుల బాట అది. వానలు వెనకబడిన ఏడు పశువులే బతుకైన మా ఫులానీల మందలన్నీ దాని మీదుగానే చెరువుకు చేరాలి. పట్నం వ్యాపారి ఇల్లియా దాన్ని దున్నించేసి, సజ్జ వేస్తానని ఈ కొసకూ ఆ కొసకూ కంచె వేయించాడు.

"మనుషులు కాలిబాటన పోవచ్చు. పశువులు మాత్రం చుట్టూ తిరిగి పోవాల్సిందే," అన్నాడు కుర్చీలోంచి కదలకుండా.

చుట్టుదారిలో నీటిచుక్క దొరకదు. మా మంద నిన్నటి నుంచే దాహంతో ఉంది. మరో రోజు నడిపిస్తే సగం దారిలోనే కూలబడతాయి.

"పోనీలేమ్మా, చుట్టూనే పోదాం," అని నసిగాడు నా మగడు గోర్జో.

"నోర్ముయ్. ఇవాళ చుట్టూ పోతే వచ్చే ఏడు అదీ దున్నేస్తాడు," అంది మా అత్త గిన్నాడో. తర్వాత గొంతు మార్చి ఇల్లియాను అడిగింది. "పాలు తాగే దూడల్నయినా పోనియ్యి నాయనా. అవేం మేస్తాయి?"

"తీసుకుపో ముసల్దానా," అని నవ్వాడు.

వాడికి దుకాణం తెలుసు గానీ పశువు తెలియదు. ఆడవాళ్ళం పసిదూడల్ని భుజాలకెత్తుకుని, మిగిలినవాటిని నడిపించుకుంటూ కాలిబాట వెంట రెండో కంచె కూడా దాటేశాం. అక్కడ అత్త రెండు మేకులు దిగ్గొట్టి, మధ్యన దూడల తాడు లాగి, దూడల్ని దానికి వరసగా కట్టేసింది. మేం ఎక్కడ దిగినా ముందు కట్టేది ఆ తాడే. సాయంత్రం తల్లులు దాని దగ్గరికే వస్తాయి, దూడలు తాగాకే మేం పిండుకుంటాం.

పొద్దు వాలింది. దూడలు ఆకలికి అరిచాయి. అవతల పొదుగులు నిండిన ఆవులు ఒక్కసారిగా తలలెత్తాయి. మా ఎర్రావు కొమ్ములతో కంచెను కుమ్మింది.

"గోర్జో, ఆపు నీ మందని," అన్నాడు ఇల్లియా లేచి.

గోర్జో కర్రను భుజాల మీద అడ్డంగా వేసుకుని నిలబడ్డాడు. "నా వల్ల కాదయ్యా. బిడ్డ ఏడుస్తుంటే తల్లిని ఆపే మొనగాడివైతే నువ్వే ఆపు."

రెండు కంచెలూ నేలపాలయ్యాయి. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నా మగణ్ణి చూసి నాకు గర్వంగా అనిపించింది. దూడలు తాగాక అతను మందను చెరువుకు తోలుకుపోయాడు.

"పొద్దున్నే మళ్ళీ వేయిస్తా కంచె," అన్నాడు ఇల్లియా.

అత్త మేకులు పీకి, దూడలతో సహా వెనక్కి నడిచి, దున్నిన నేల నడిమధ్యన మొదటి మేకు పాతింది.

"వేయించుకో. మా తాడు ఎక్కడుంటే ఇల్లు అక్కడే. రేపు సాయంత్రం ఆవులు ఇంటికొస్తాయి. వెనకొచ్చే మందలూ ఇక్కడే దిగుతాయి."

నేను రాయి తీసుకుని రెండో మేకు దిగ్గొట్టాను.