పెద్దాయన ముందు పడేసిన రెండు రాజులు

మా ఇంట్లో చాయ్ పోయాలంటే మొహాలు చదవడం రావాలి. మా వైపు గిన్నెలో సగానికే పోయడం మర్యాద. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు. ఎవరికి ఇంకా కావాలో, ఎవరు చాలనుకుంటూనే మొహమాటానికి తాగుతున్నారో అడక్కుండానే తెలియాలి. పదకొండేళ్ళుగా ఇదే పని. "మా కోడలికి కళ్ళున్నాయి," అని అత్తయ్య చుట్టాల ముందు అనడమే నాకు దక్కిన జీతం. బంగాళాదుంపలు ఉడికేలోపు ఫోన్లో పోకర్ నేర్చుకున్నాననీ, అందులో గెలిచి అసలు పోటీకి ఉచితంగా చోటు సంపాదించాననీ ఆవిడకి తెలియదు.

శనివారం నేను పనిచేసే బడిలో ట్రైనింగ్ ఉందని చెప్పి బయల్దేరాను. మా ఆయన ఎర్సాయిన్ గుమ్మం దాకా వచ్చి, "మధ్యాహ్నం పెదనాన్న వాళ్ళొస్తున్నారు. చాయ్ టైముకి ఉంటావుగా?" అన్నాడు. "ఉంటాలే," అన్నాను. రెండో అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు పోటీ జరిగే కప్చగాయ్ ఊరు చేరేదాకా బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది. దిగిపోదామని నాలుగుసార్లు అనుకున్నాను.

బల్ల చుట్టూ తొమ్మిది మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే. కుట్టుపని చేసిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చోబోతే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. అందరూ నవ్వారు. "కూర్చో కోడలు పిల్లా, ఇక్కడ నేను నీ మామని కాను," అన్నాడాయన.

గంట తర్వాత నాకు రెండు రాజులు పడ్డాయి. పెద్దాయన తన పందెం బిళ్ళలన్నీ ముందుకు తోసి, మీసం తుడుచుకుని, "పెద్దవాడి దారికి అడ్డం నడవకూడదని మీ అత్తగారు నేర్పలేదా తల్లీ?" అన్నాడు. ఆయన చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు. ఇంత కాలం మొహాలు చూసినదాన్ని, ఆ మాత్రం తెలియదా? అయినా ఆట వదులుకుని ముక్కలు బోర్లా పడేశాను. ఆయన తనవి తిప్పి చూపించాడు. ఒక మూడు, ఒక ఎనిమిది. "మంచి ఇంటి కోడలే!" అన్నారెవరో. ఒళ్ళు మండింది, అదీ నా మీదే. పై చదువు సీటు వచ్చినప్పుడూ ఇలాగే వదిలేశాను. "వాళ్ళు పెద్దవాళ్ళు, నువ్వే సర్దుకో," అని ఎర్సాయిన్ అన్న ప్రతిసారీ నా చేతిలో మంచి ముక్కలే ఉన్నాయి.

విరామంలో ఫోన్ చూస్తే ఎర్సాయిన్ మెసేజ్. "అతిథులొచ్చారు. అమ్మ ఆ మోకాళ్ళతో లేచి లేచి చాయ్ ఇస్తోంది. నీకసలు ఇంగితం ఉందా?" ఆ మోకాళ్ళకి రోజూ నూనె రాసేది నేనే. తలుపు దాకా వెళ్ళాను. బస్సు సిద్ధంగా ఉంది. ఎందుకో మళ్ళీ వచ్చి కూర్చున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

పెద్దాయన మళ్ళీ అన్నీ ముందుకు తోశాడు. "ఈసారీ దారివ్వమ్మా." ఈసారి ఆయన మొహం నాకు అంతుపట్టలేదు. నా దగ్గర రెండు తొమ్మిదులు. "లేదు పెద్దయ్యా, నేనూ నడుస్తాను," అని ఉన్నదంతా తోసేశాను. ఆయన దగ్గర రెండు ఆసులున్నాయి. నా ఆట అయిపోయింది. "ఇప్పుడు ఆడావమ్మా," అన్నాడు, వెక్కిరింత లేకుండా.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ట్రైనింగ్ లేదత్తయ్యా. పేకాట పోటీకి వచ్చాను. ఓడిపోయాను."

తిడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"ఎంతసేపు ఆడావే మక్పాల్?"

"మూడు గంటలు."

"మూడు గంటలూ కూర్చునే ఉన్నావా? మధ్యలో ఎవరూ లేపలేదూ?"

"లేదత్తయ్యా."

"అలాగా," అంది, గొంతు తగ్గించి, పక్కగదిలో వాళ్ళకి వినబడకుండా. "ఎలా ఉంటుందే అలా కూర్చుంటే?"

అబద్ధమాడిన తప్పు అప్పటికే దిగిపోయింది. ఆవిణ్ణి తీసుకురాకుండా ఒక్కదాన్నే వచ్చిన తప్పు మాత్రం నాతోపాటు బస్సెక్కింది.